బేటా అడగాల్సింది కో-డైరెక్టర్ని కాదు

తమ్ముడూ, కోనసీమ సినిమా షూటింగ్ షెడ్యూల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తుంటే 20 రోజులుగా బేటా, అంటే రోజువారీ ఖర్చుల డబ్బు, రాలేదనీ, నీ పైనుండే కో-డైరెక్టర్ అందరి ముందూ తిడుతున్నాడనీ రాశావు. ముందు డబ్బు సంగతి. బేటా చేతిలో పెట్టేది ప్రొడక్షన్ మేనేజర్. ఆ రోజు షూటింగ్ ముగిసి ప్యాకప్ అయ్యాక ఆయన లెక్కలు రాసుకుంటుంటే, నువ్వు పనిచేసిన తేదీలు రాసిన కాగితం ఇచ్చి అడుగు. యూనిట్ గోదావరి దాటి హైదరాబాద్ చేరిందంటే ఇక ఫోనెత్తరు.

తిట్లంటావా, నేనూ తిన్నాను. రావులపాలెం దగ్గర కాలవగట్టు మీద షాట్, ముందు షాట్లో హీరోయిన్ సంచి ఏ భుజాన ఉందో చెప్పలేకపోయాను. అది నా తప్పే. అప్పట్నుంచీ ప్రతి షాట్‌కీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటున్నా. కానీ చెప్పులు మోయించడం, అమ్మనెత్తి తిట్టడం పని నేర్పడం కాదు. చెయ్యెత్తాడా, ఆ రోజే డైరెక్టర్ గారికి చెప్పి బస్సెక్కెయ్.