పాత ఆమల్ కార్బురేటర్‌ను పాడైన మరొకదాని భాగాలతో బాగుచేయవచ్చా?

బాగుచేయవచ్చు; అయితే ఏ భాగాన్ని పాతదాని నుంచి తీసుకోవచ్చో, దేన్ని కొత్తదే వేయాలో ముందుగా తేల్చుకోవాలి. 1950ల మధ్య నుంచి బీఎస్‌ఏ, ట్రయంఫ్ వంటి బ్రిటిష్ మోటారు సైకిళ్లకు అమర్చిన ఆమల్ మోనోబ్లాక్ అనే కార్బురేటర్‌నే (ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే పరికరం) ఉదాహరణగా తీసుకుందాం.

దీని బాడీ, అందులో పైకీ కిందికీ కదులుతూ గాలి దారిని తెరిచే స్లైడ్ రెండూ జింకు మిశ్రలోహంతో పోతపోసినవే కావడంతో ఒకదానినొకటి అరగదీసుకుంటాయి. అలా అరిగి ఏర్పడిన సందులోంచి అదనపు గాలి లోపలికి వెళ్లడం వల్ల, స్క్రూలు ఎంత సరిచేసినా ఐడ్లింగ్ (త్రాటిల్ వదిలినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) నిలకడగా ఉండదు. మంచి స్లైడ్ దొరికినా అరిగిన బాడీలో వేస్తే ప్రయోజనం స్వల్పమే కాబట్టి, నా అభిప్రాయంలో ముందుగా వెతకవలసింది అరగని బాడీ కోసమే. స్లైడ్‌పై ఉన్న అంకెను కూడా తప్పక చూడాలి. అది కింది అంచు కోత ఎత్తును అంగుళంలో పదహారో వంతుల్లో తెలుపుతుంది, అంటే 3 అని ఉంటే 3/16 అంగుళం. అంకె పెరిగేకొద్దీ, త్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది.

ఫ్లోట్ చాంబర్ మూత, పై రింగు, జెట్ హోల్డర్ వంటివి పగుళ్లు లేకపోతే నిస్సంకోచంగా వాడుకోవచ్చు. నీడిల్ (స్లైడ్‌కు అమర్చిన సూది), అది దూరే రంధ్రమున్న నీడిల్ జెట్, ఫ్లోట్ చాంబర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్, గాస్కెట్లు మాత్రం కొత్తవే వేయాలి, ఎందుకంటే నీడిల్ జెట్ రంధ్రం కంటికి ఆననంత అరిగినా పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది.

నట్లను అతిగా బిగిస్తే ఫ్లేంజ్ (కార్బురేటర్‌ను ఇంజిన్‌కు బిగించే చదునైన అంచు) వంగిపోతుంది. గాజు పలకపై పరచిన సన్నని ఎమరీ కాగితం మీద ఆ వంపు పోయేదాకా రుద్ది, తిరిగి అమర్చేటప్పుడు రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి.