మునిగిపోయిన ఊరి చరిత్రను ఎక్కడ వెతకాలి?

పోలవరం ముంపులో ఖాళీ అయిన మీ అమ్మమ్మగారి ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మాదీ వరరామచంద్రపురం మండలంలో అలా ఖాళీ అయిన ఊరే. పరిహారం వ్యవహారం ఇంకా తేలలేదు కనుక పేరు రాయడం లేదు. నన్నడిగితే, ఆ ఊళ్ళను నీటికంటే ముందే సరిహద్దులు చెదరగొట్టాయి.

గోదావరి ఎడమ గట్టున ఉన్న ఆ ప్రాంతాన్ని 1860లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించగా, వారు మొదట సెంట్రల్ ప్రావిన్సులలో ఉంచి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. అంతవరకు గొడ్డలికి ఇంత అని స్వల్పంగా పన్ను కట్టి పోడు (అడవి నరికి, కాల్చి చేసే సాగు) చేసుకున్న, ఆ ప్రాంతంలోని రేకపల్లి కొండవాళ్ళ మీద కొత్త ప్రభుత్వం ఆ భారాన్ని దాదాపు మూడింతలు చేసింది. 1879 నాటి రంప తిరుగుబాటు అక్కడికీ పాకడానికి అదే కారణం. మన పాఠ్యపుస్తకాలేమో రంప అనగానే నేరుగా 1922 నాటి అల్లూరి పోరాటానికి దూకుతాయి. తరువాత ఆ ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లా, 2014లో మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా.

పరిహారం విచారణకు మా పెదనాన్న పౌడరు డబ్బాలో దాచుకున్న పట్టా కాగితం తెచ్చారు. ఎనిమిది మడతలుగా ఉన్న దానిని విప్పితే మడతల దగ్గర చిరిగి, ఊదారంగు ముద్ర సగమే కనిపిస్తోంది. గుమస్తా దానిని వెలుతురుకు పెట్టి, "మీరు ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళు కదా, కాకినాడ ముద్ర ఎక్కడిది?" అన్నాడు. "మేము ఎక్కడినుంచీ రాలేదు బాబూ, అక్కడే ఉన్నాం" అన్నారు పెదనాన్న. అతడు నవ్వలేదు, ఖమ్మం నుంచి ధ్రువీకరణ తెమ్మన్నాడు. అప్పటికి ఖమ్మం వేరే రాష్ట్రంలో ఉంది. పాపికొండల పడవల్లో ఫొటోలు తీసుకునేవారికి ఈ తిరుగుడు తెలియదు.

కాబట్టి 1959కి ముందటి కాగితాల కోసం అప్పటి జిల్లా కేంద్రం కాకినాడ వైపు, తరువాతివాటి కోసం ఖమ్మం వైపు అడగండి. అంతకంటే ముందు మీ అమ్మమ్మగారిని కూర్చోబెట్టి, వారి నాన్నగారు శిస్తు ఎక్కడ కట్టేవారో, కోర్టు వాయిదాకు ఏ ఊరు వెళ్ళేవారో, ఏ సంతలో మిరపకాయలు అమ్మేవారో అడిగి రాసుకోండి. ఏ కార్యాలయం తలుపు తట్టాలో ఆ జవాబులతోనే తెలుస్తుంది.