పాము కాటుకు మంత్రం వేయించే ఊళ్లో శాస్త్రం మాట ఎలా వినిపించాలి?

మీ ఊళ్లో పాము కరిస్తే ముందు మంత్రగాడి ఇంటికే తీసుకెళ్తున్నారు, గ్రామసభలో వద్దంటే 'మా నమ్మకాన్ని కించపరుస్తున్నావు' అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

"మంత్రం అబద్ధం" అంటూ మొదలుపెట్టకండి. ఆ మాట అనగానే మంత్రంతో బతికిన నలుగురి పేర్లు చెప్తారు. ఆ నలుగురూ నిజంగానే బతికారు. ఎందుకు బతికారో విడమరచి చెప్పగలిగితేనే మీ మాట నిలుస్తుంది.

మన పొలాల్లో కనిపించే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివే. జెర్రిపోతు, నీటిపాము కరిచినా మనిషికి ప్రాణభయం లేదు. నాగుపాము, రక్తపింజర లాంటివి కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించవు. కోరలు దిగినా విషం పడని కాట్లు ఉంటాయి. వీళ్లంతా మంత్రం వేసినా, పసరు పోసినా, ఏమీ చేయకపోయినా లేచి తిరుగుతారు. ఆ పేరు మంత్రానికి వస్తుంది. చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం 'ఆలస్యంగా తెచ్చారు', 'మైల తగిలింది' అంటారు. బతికితే మంత్రం గొప్ప, పోతే రోగి తప్పు అన్నప్పుడు ఆ మంత్రం ఎప్పటికీ ఓడిపోదు. సభలో ఈ లెక్క ఒక్కటి నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఆలోచనలో పడతారు.

తర్వాత కట్లపాము గురించి తప్పకుండా చెప్పాలి. మంత్రంతో ఎక్కువ ప్రాణాలు పోయేది దీని దగ్గరే అని నా అభిప్రాయం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. వాపు ఉండదు, నొప్పి పెద్దగా ఉండదు, కొన్నిసార్లు కాటు గుర్తు కూడా కనిపించదు. మంత్రం వేయించుకుని 'బాగానే ఉంది' అని పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. వేపాకు నమిలించి చేదు తెలిస్తే విషం లేదనుకునే పరీక్ష ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఈ విషం దెబ్బతీసేది నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని. నాలుక రుచికి దానితో సంబంధం లేదు.

కరిచిన వెంటనే చేయాల్సింది కొంచెమే. మనిషిని నడిపించకూడదు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్రచెక్కతో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు తాగించడం వద్దు. తాడు బిగించి కట్టడం అసలే వద్దు. రక్తం ఆడక ఆ భాగం చచ్చుబడుతుంది. అప్పటికే ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో ఠక్కున విప్పకండి, ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పాకుతుంది. ఆసుపత్రిలో డాక్టరు ఎదుటే విప్పించాలి. పామును వెతికి చంపే పని కూడా వద్దు. ఏ పామో తెలియకపోయినా ఫర్వాలేదు, మన దేశంలో తయారయ్యే యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ కలిపి పనిచేస్తుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో కూడా ఊరికి చెప్పండి, భయం సగం తగ్గుతుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచితే గడ్డకట్టకుండా జారితే పింజర విషం ఎక్కినట్టే. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగినదైనా ఫలితం తప్పుగా రావచ్చు. విషం లక్షణాలు ఉంటే మొదటి విడతగా సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న సీసాలు) యాంటీ వెనమ్ సెలైన్‌లో కలిపి సుమారు గంటసేపు ఎక్కిస్తారు. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం పోయదు. మందు పడక దద్దుర్లు, బీపీ పడిపోవడం రావచ్చు, అందుకే వాటిని అదుపు చేసే అడ్రినలిన్ ఇంజక్షన్ సిద్ధంగా పెట్టుకుంటారు. లక్షణాలు లేకపోయినా 24 గంటలు ఉంచుకోమని అడగండి. కట్లపాము కేసుల్లో అది ప్రాణం కాపాడుతుంది.

ఇక రాజకీయం దగ్గరికి వద్దాం. 'మంత్రం మానండి' అని చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు లేకపోతే మీ మాటకు విలువ పోతుంది, మంత్రగాడి విలువ పెరుగుతుంది. కాబట్టి ముందు స్టాకు సంగతి తేల్చుకోండి. మొదటి విడతకే 10 వయల్స్ కావాలి, రెండో విడత కూడా పడవచ్చు కనుక కనీసం 20 ఉండాలని అడగండి. పొడి రూపంలోని మందు అడగడం మంచిది. ద్రవరూపం 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉండాలి, కరెంటు పోయే ఊళ్లో అది పాడవుతుంది.

సమాచార హక్కు దరఖాస్తులో 'మందు ఎందుకు లేదు' అని రాయకండి, అలాంటి ప్రశ్నకు జవాబు దొరకదు. 'గత 12 నెలల యాంటీ వెనమ్ స్టాకు రిజిస్టరు నకలు, నెలవారీగా వచ్చిన, వాడిన, గడువు తీరిన వయల్స్ సంఖ్య, వైద్యాధికారి రాత్రి డ్యూటీ పట్టిక నకలు' అని రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ఎమ్మెల్యేనైనా, ఓటడగడానికి వచ్చిన అభ్యర్థినైనా అంకెతో అడగొచ్చు. 2024 మార్చిలో కేంద్రం పాము కాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో మన మండలానికి ఏం వచ్చిందని అడగడం మన హక్కు.

గ్రామసభలో నమ్మకం మీద చర్చ పెట్టకుండా తీర్మానం పెట్టండి: "పాము కాటుకు గురైన వ్యక్తిని ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పంపాలి. మంత్రం వేయించదలిస్తే బండిలోనే వేయించాలి, దాని కోసం బండి ఆగకూడదు." దీన్ని వ్యతిరేకించడం కష్టం. నిజానికి మంత్రగాణ్ని శత్రువుగా చూడకండి. రాత్రి రెండింటికి జనం తలుపు కొట్టేది ఆయనదే. ఆ తలుపు మీద 108 నంబరు, రాత్రి బండి ఇచ్చే డ్రైవరు ఫోన్ నంబరు అతికించడానికి ఆయన ఒప్పుకుంటే మీ పని సగం అయినట్టే. డబ్బు కోసం రోగిని ఆపేవాడైతే మాత్రం వేరే సంగతి. మహారాష్ట్రలో 2013 చట్టం ప్రకారం పాము, కుక్క, తేలు కాటుకు వైద్యం అందకుండా ఆపి మంత్రతంత్రాలు చేయడం నేరం. అలాంటి చట్టం మన దగ్గరా రావాలని తీర్మానంలో రెండో అంశంగా చేర్చండి.

చివరగా ఆశా కార్యకర్తతో ఒక నోటుబుక్కు పెట్టించండి. పేర్లు వద్దు. కరిచిన సమయం, మొదట ఎక్కడికి తీసుకెళ్లారు, ఆసుపత్రికి చేరిన సమయం, 20 నిమిషాల పరీక్ష ఫలితం, ఎన్ని వయల్స్ ఎక్కించారు, ఏమైంది అనే గడులు చాలు. మంత్రంతో బతికినవాళ్లనూ తప్పకుండా రాయాలి. వాళ్లను వదిలేస్తే మీ లెక్కను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.