బ్రేకు మీద నీళ్లు పొయ్యకు తల్లీ

చిట్టితల్లీ,

స్నేహితురాళ్లని ఎక్కించుకుని దేవమాలి కొండకి కారు తోలుకెళ్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సాలూరంటేనే లారీల ఊరు. అయినా మన ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాను. రాత్రయితే మాత్రం నిద్ర పట్టలేదు.

పోయిన నెల అనంతగిరి ఘాటీ దిగుతూ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కేసరికి చక్రాల దగ్గర పొగొచ్చిందట, పెడలు మెత్తబడిందట. అందుకని చిల్లుల బ్రేకు డిస్కులు, వాటిని పట్టి నొక్కే పెద్ద కాలిపర్లు వేయిస్తానంటున్నావట. ఏటమ్మా, జీతం అంత మిగిలిపోతందేటి?

టైర్లు, స్టెప్నీ, లైట్లు చూసుకో. అవి నీకు తెలిసినవే.

1989లో పొట్టంగి సంత నుంచి జీపు దింపుతున్నాను. వెనక అల్లం బస్తాలు. ముందు మీ అమ్మమ్మ, ఆవిడ భుజం మీద తలవాల్చి మీ అమ్మ. సుంకి దాటాక డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేశాను. అప్పట్లో అదో పెద్ద తెలివి మాకు. ఇంజను పట్టు వదిలేస్తే బరువంతా బ్రేకు మీదే పడుతుంది కదా, మలుపు మలుపుకీ తొక్కుతూనే ఉన్నాను. కాలిన వాసనొచ్చింది. ముందు లారీవాడిదనుకున్నాను. ఇంకో మలుపు తిరిగేసరికి పెడలు బురదలో కాలేసినట్టు నేలకంటా దిగిపోయింది. టపటపా కొడితే కాస్త పట్టింది, మళ్లీ జారింది. గేరు బలవంతంగా తోశాను, పళ్లు కరకరలాడాయి. ఆఖరికి కొండవైపు మట్టిగట్టుకి రాసుకుంటూ ఆపాను.

మీ అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కొంగుముడి విప్పి పది రూపాయల నోటు నా చేతిలో పెట్టి, "డీజిలుకి ఉంచుకో నాయినా" అంది. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

ఆ సిగ్గులో ఇంకో బుద్ధి తక్కువ పని చేశాను. గెడ్డలోంచి డబ్బాతో నీళ్లు తెచ్చి కాలిపోతున్న బ్రేకు డ్రమ్ము మీద కుమ్మరించాను. ఠప్పుమంది! అంచు నుంచి లోపలికి వెంట్రుకంత పగులు.

నీ కారు సంగతికొస్తాను. పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే, డిస్కుని రాసే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పాయని. మెత్తగా లోపలికి పోతే బ్రేకాయిలు మరిగి ఆవిరి బుడగలు కట్టిందని. నీది ఈ రెండోదే. బ్రేకాయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అని ఆ ఆయిల్లో రకాలుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి 230, 155. సెకండ్‌హ్యాండు బండి, ఆయిలు ఎప్పుడు మార్చారో నీకు తెలీదు. డికాషన్ రంగులో ఉంటే అడగక్కర్లేదు, మార్పించెయ్. బండి పుస్తకం ఒప్పుకుంటే డాట్ 4 పోయించు. డాట్ 5 మాత్రం సిలికోన్, దాన్ని ఇందులో కలపకూడదు. డాట్ 5.1 వేరే సరుకు, అది సిలికోన్ కాదు.

ఆ తర్వాత మంచి ప్యాడ్లు. అక్కడితో ఆపు. చిల్లుల డిస్కు వేడి ఎక్కువైతే ఆ చిల్లుల దగ్గరే చీలుతుంది. పెద్ద డిస్కు కావాలంటే చాలాసార్లు చక్రం కూడా పెద్దది కావాలి, నీ జీతం సరిపోదు.

దిగేటప్పుడు రెండో గేరు. పాదం బ్రేకు మీద ఆనించి ఉంచకు, గట్టిగా ఒకసారి తొక్కి వదిలెయ్. పొగొస్తే వెడల్పుగా ఉన్నచోట ఆపి, గేరులో పెట్టి, టైరు కింద రాయి వెయ్. అంత వేడి మీద హ్యాండుబ్రేకు లాగకు. నీళ్ల సీసా తాగడానికే.

ముందురోజు రాత్రికి సాలూరు వచ్చెయ్. ఆ పగిలిన డ్రమ్ములో మీ అత్త మిరపనారు పోసింది, చూపిస్తాను. తాళాలు నాకిచ్చి నువ్వు పడుకో. ఆయిలు నేనే మారుస్తాను.

మీ మావయ్య