‘ఎ’ సర్టిఫికెట్‌పై అప్పీలుకు 30 రోజులే గడువు

ప్రశ్న: మాది విజయవాడ. మిత్రులం కలిసి ఒక చిన్న సినిమా తీశాం. నిర్మాతగా సెన్సార్‌కు దరఖాస్తు చేసింది నేనే. వడ్డీ వ్యాపారి మనుషులు ఒక రైతును కొడుకు కళ్లెదుటే బెల్టుతో కొట్టే సన్నివేశం మా కథకు ప్రాణం. హైదరాబాద్‌లో సినిమా చూసిన కమిటీ ఆ సన్నివేశం మొత్తం తీసేస్తే యుఎ 16+ (పిల్లలకు చూపాలా వద్దా అన్నది తల్లిదండ్రులకే వదిలేసే సర్టిఫికెట్) ఇస్తామని, లేదంటే ‘ఎ’ (పెద్దలకు మాత్రమే) తప్పదని అంటోంది. ‘ఎ’ వస్తే శాటిలైట్ హక్కులు కొనబోమని టీవీ ఛానెళ్లవాళ్లు చెబుతున్నారు. మా దర్శకుడు తన పేరుతో కోర్టుకు వెళ్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ సన్నివేశం తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఒకసారి ఒప్పుకుని సర్టిఫికెట్ తీసుకున్నాక, అన్యాయం జరిగిందని హైకోర్టులో వాదించడం చాలా కష్టం.

మీ పోరాటం న్యాయమైనదే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యుఎను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. ఈ అంకెలు తల్లిదండ్రులు ఆలోచించుకోవడానికి మాత్రమే. యుఎ 16+ సినిమాకు తండ్రి తన పన్నెండేళ్ల కొడుకును తీసుకొస్తే థియేటర్ వాళ్లు ఆపకూడదు. ‘ఎ’ అలా కాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారిని లోపలికి పంపితే థియేటర్ యజమాని మీద కేసు పెట్టవచ్చు. టీవీలో వేయాలన్నా కట్‌లు చేసి మళ్లీ యుఎ తెచ్చుకోవాల్సిందే. యుఎ 13+ కావాలా, 16+ సరిపోతుందా అన్న తేడా కోసమైతే ఇంత శ్రమ వద్దనేవాడిని. ‘ఎ’ను తప్పించుకోవడానికి మాత్రం గట్టిగా నిలబడాలి.

నేరుగా కోర్టుకు పరుగెత్తకండి. సినిమాను సెన్సార్ బోర్డులోనే రెండోసారి చూసే రివైజింగ్ కమిటీకి పంపమని రాతపూర్వకంగా అడగండి. మొదట చూసిన సభ్యులు ఇందులో ఉండరు. మీ వాదన వినకుండా ‘ఎ’ ఇవ్వడం గానీ, కట్‌లు విధించడం గానీ చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోండి. 1991 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఏ సన్నివేశాన్నీ విడిగా తూచకూడదు, సినిమా మొత్తం కలిగించే ప్రభావాన్ని చూడాలి. మీ సినిమా ఆ దెబ్బలను గొప్పగా చూపుతోందా, లేక అప్పుల పాలైన కుటుంబం పడే అవమానాన్ని చూపుతోందా అన్నదే మీ వాదనకు కీలకం. మొండిగా ‘ఒక్క ఫ్రేము తీయం’ అనకండి. బెల్టు దెబ్బలు రెండు తగ్గించి, తిట్లు మ్యూట్ చేసి, కొడుకు ముఖం మీద షాట్‌ను అలాగే ఉంచుతామని మీరే ప్రతిపాదించండి. ప్రాణం ఉన్నది ఆ ముఖంలోనే అని మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది.

అక్కడా ‘ఎ’నే ఖాయం చేస్తే హైకోర్టుకు వెళ్లండి. ఇంతకుముందు దీనికి ప్రత్యేక ట్రిబ్యునల్ ఉండేది, తక్కువ ఖర్చుతో పని జరిగేది. 2021లో దాన్ని రద్దు చేశారు. చిన్న నిర్మాతలకు ఇది నిజంగా పెద్ద దెబ్బ. ఇప్పుడు సినిమాటోగ్రాఫ్ చట్టం సెక్షన్ 5సి కింద అప్పీలు హైకోర్టులోనే వేయాలి. మీకు ఉత్తర్వు హైదరాబాద్ కార్యాలయం నుంచి వస్తుంది కాబట్టి తెలంగాణ హైకోర్టు సరైన చోటు. గడువు 30 రోజులు. ఉత్తర్వు మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, దాని మీద వేసిన తేదీ నుంచి లెక్క. సరైన కారణం చూపితే మరో 30 రోజులు దొరకవచ్చు గానీ దాన్ని నమ్ముకోకండి. ‘ఎ’ ఎందుకు ఇచ్చారో కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి తీసుకోండి, అప్పీలుకు జతచేయాలి.

కోర్టులు ఇలాంటి కేసులు వినవు అనుకోకండి. 2016లో ‘ఉడ్తా పంజాబ్’ అనే హిందీ సినిమాకు సెన్సార్ బోర్డు అడిగిన మార్పుల్లో బాంబే హైకోర్టు ఒక్క కట్‌నూ, సవరించిన డిస్‌క్లెయిమర్‌నూ మాత్రమే నిలిపింది. అయితే ఆ సినిమా ‘ఎ’తోనే విడుదలైందని గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ వర్గాన్ని (‘ఎ’ నుంచి యుఎకు) మార్పించడం, బోర్డు అడిగిన కట్‌లను రద్దు చేయించడం కన్నా కష్టం.

మీ దర్శకుడి ఆవేదన అర్థమవుతోంది, కానీ చట్టం అప్పీలు హక్కు ఇచ్చింది సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసిన వ్యక్తికే. అది మీరు. ఆయన చేత సన్నివేశం ఉద్దేశం రెండు పేజీల్లో రాయించి జతచేయండి. రివైజింగ్ కమిటీ నిర్ణయం చేతికొచ్చేదాకా పోస్టర్ మీద విడుదల తేదీ మాత్రం వేయకండి.