టెక్ సందేహాలు: సూర్యుణ్ని తీసే కెమెరాకు ఎంత చలి కావాలి?

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీ ఖగోళ క్లబ్బు కోసం కూలింగ్ ఉన్న మోనో (నలుపు తెలుపు) కెమెరా కొన్నాం. 80 మి.మీ. రిఫ్రాక్టర్‌కు (లెన్స్ టెలిస్కోప్‌కు) హైడ్రోజన్ వెలువరించే ఎర్రటి కాంతిని మాత్రమే వదిలే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ బిగించి, విశాఖ ఎంవీపీ కాలనీలో మేడ మీద నుంచి సూర్యుణ్ని తీస్తున్నాం. మైనస్ 10 డిగ్రీలు సెట్ చేస్తే కూలర్ పవర్ 100 శాతానికి వెళ్లిపోతోంది గానీ టెంపరేచర్ 4 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. పావుగంటయ్యేసరికి బొమ్మ మధ్యలో తెల్లటి మసక కమ్ముతోంది. కెమెరాలో లోపమా? వాపసు ఇచ్చేయాలా?

జవాబు: కెమెరా బాగానే ఉంది, వాపసు ఇవ్వకండి. మీరు అడుగుతున్నంత చలి దానికి అందదు. అందినా మీ పనికి అక్కర్లేదు.

సెన్సర్ వెనక పెల్టియర్ పలక ఒకటి ఉంటుంది. కరెంటు ఇస్తే అది ఒక వైపు వేడిని లాగి రెండో వైపుకు నెడుతుంది, దాన్ని ఫ్యాన్ బయటికి తోసేస్తుంది. ఇలాంటి కెమెరాలు సాధారణంగా చుట్టూ ఉన్న గాలి కంటే 30, 35 డిగ్రీలు కిందికి దిగగలవు, అంతే. గాలి 32 డిగ్రీలున్నా, ఎండ నేరుగా పడుతున్న కెమెరా బాడీ నలభై దాకా వేడెక్కుతుంది. అందులోంచి 35 తీసేయండి, దాదాపుగా మీ 4 డిగ్రీల లెక్కే తేలుతుంది. అడాప్టర్ మీద కూడా ఓసారి కన్నేయండి. కూలర్‌కు యూఎస్‌బీ కరెంటు చాలదు. కంపెనీ చెప్పిన రేటింగు ఉన్న 12 వోల్టుల అడాప్టర్ విడిగా పెట్టాలి.

అసలు చలి దేనికో చూద్దాం. వెలుతురు పడకపోయినా వేడికి సెన్సర్‌లో ఎలక్ట్రాన్లు పుడుతుంటాయి. దీన్ని డార్క్ కరెంట్ అంటారు. టెంపరేచర్ ఆరేడు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఇది సుమారుగా సగమవుతుంది. రాత్రిపూట నెబ్యులాలను (అంతరిక్షంలోని మసక వాయు మేఘాలను) తీసేవాళ్లు ఒక్కో ఫ్రేమ్‌కు 5 నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇస్తారు కాబట్టి వాళ్లకు కూలింగ్ ప్రాణం. మీరిచ్చేది ఎంత? మహా అయితే 5 మిల్లీసెకన్లు. వేడెక్కిన సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్‌కు సెకనుకు 10 డార్క్ ఎలక్ట్రాన్లు పుడతాయనుకుందాం. 5 మిల్లీసెకన్లలో పుట్టేది 0.05. అదే సమయంలో సూర్యకాంతి ఆ పిక్సెల్‌లో 20,000 ఎలక్ట్రాన్లు నింపుతుంది. ఆ కాంతికి సహజంగా ఉండే నాయిసే (హెచ్చుతగ్గులే) దాని వర్గమూలం, అంటే 141. ఇంత పెద్ద 141 పక్కన 0.05ను తగ్గించడానికి కూలర్‌ను నూటికి నూరు పవర్‌లో నడపడం శుద్ధ దండగ.

ఇక మసక సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టే ఇది. గాలి 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 27 డిగ్రీలకే చెమట పడుతుంది. మన విశాఖలో వేసవి ఉదయం ఇది మామూలే. మీ సెన్సర్ 4 డిగ్రీల్లో ఉంది! తేమ ఎక్కడ చేరిందో బొమ్మే చెబుతుంది. మసక మెత్తగా, అంచులు తెలియకుండా ఉంటే అది కెమెరా ముందున్న గాజు మీద చేరింది. ఆ గాజును వెచ్చగా ఉంచే యాంటీ డ్యూ హీటర్ ఆన్ చేస్తే కాసేపట్లో పోతుంది. అలా కాకుండా పదునైన అంచులతో, పలుకులు పలుకులుగా కనిపిస్తే సెన్సర్ గదిలోకే తేమ దూరిందని అర్థం. అప్పుడు కూలర్ ఆపి, లోపల తేమ పీల్చే డెసికెంట్ మార్చాలి. ఈ పని మేడ మీద చేయకండి. ఏసీ కొన్ని గంటలు నడిచిన గదిలో, వానలేని రోజున, చేతులు తుడుచుకుని చకచకా ముగించండి.

మీకు నా సలహా: టార్గెట్ 15 డిగ్రీలు పెట్టండి, యాంటీ డ్యూ హీటర్ ఆన్‌లో ఉంచండి. కూలర్ పవర్ 60 శాతం దాటకపోతే టెంపరేచర్ స్థిరంగా నిలుస్తుంది. మనకు కావలసిందల్లా ఆ స్థిరత్వమే. పొద్దున్నే తీసిన డార్క్ ఫ్రేములు (మూత పెట్టి తీసేవి), ఫ్లాట్ ఫ్రేములు (సమానమైన తెల్లటి వెలుతురులో తీసేవి) పదింటప్పుడు బొమ్మలు సరిదిద్దడానికీ పనికొస్తాయి. కెమెరా మీదికి తెల్లటి గుడ్డ నీడ పడేలా ఏర్పాటు చేయండి, ఫ్యాన్‌కు మాత్రం గాలి ఆడాలి. పని అయ్యాక ప్లగ్ పీకేయకుండా సాఫ్ట్‌వేర్‌లో వార్మప్ నొక్కి, సెన్సర్ గాలి వేడికి వచ్చాక ఆఫ్ చేయండి. టెలిస్కోప్‌ను రాత్రంతా ఏసీ గదిలో పెట్టి పొద్దున్నే బయటికి తెచ్చినా లెన్స్ మీద చెమట పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, తర్వాత తెరవండి.

ప్రశ్న: నా హైడ్రోజన్ ఆల్ఫా వీడియోల్లో సూర్యబింబం మీద వంపు తిరిగిన చారలు వస్తున్నాయి. గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగు) మార్చినా పోవడం లేదు. (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇవి న్యూటన్ రింగులు. మీ ఫిల్టర్ 656.28 నానోమీటర్ల దగ్గర ఒక ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదో వంతు) కంటే సన్నటి పట్టీని మాత్రమే వదులుతుంది. అంత శుద్ధమైన ఒకే రంగు కాంతి సెన్సర్‌కూ దాని గాజుకూ మధ్య అటూ ఇటూ తగిలి తనతో తనే కలిసినప్పుడు ఈ చారలు పుడతాయి. గెయిన్‌తో సంబంధం లేదు. కెమెరాకు ముందు, దాన్ని కొద్దిగా వంచే టిల్ట్ అడాప్టర్ పెట్టి, లైవ్ వ్యూ చూస్తూ ఒక్కో స్క్రూ కొద్దికొద్దిగా తిప్పండి. చారలు సన్నబడుతూ, దగ్గరవుతూ చివరికి కంటికి ఆనకుండా పోతాయి. అక్కడ ఆపేయండి. ఇంకా వంచితే బొమ్మ ఒక అంచున ఫోకస్ తప్పుతుంది.

మిగిలిన మచ్చలకు, దుమ్ముకు ఫ్లాట్ ఫ్రేములే మందు. టెలిస్కోప్ మూతికి మడతలు లేని పల్చటి తెల్ల ప్లాస్టిక్ కవర్ కట్టి, సూర్యుడి వైపే ఉంచి, ఫోకస్ కదపకుండా హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) 70 శాతం వచ్చేలా ఎక్స్‌పోజర్ పెంచి 100 ఫ్రేములు తీయండి. ఫిల్టర్‌ను మాత్రం దాని స్థానం నుంచి కదిలించొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి పాత టెలిస్కోప్‌కు డీఎస్ఎల్ఆర్ తగిలించి సూర్యుణ్ని తీస్తానంటున్నాడు. ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే లెన్స్‌కు) స్క్రూ చేసే చిన్న సన్ ఫిల్టర్ ఉంది. చాలా?

జవాబు: చాలదు. దాన్ని ఇవాళే చెత్తబుట్టలో వేయండి. టెలిస్కోప్ పోగుచేసిన వేడంతా ఆ చిన్న గాజు మీదే పడుతుంది, చూస్తుండగానే అది పగలొచ్చు. ఆ క్షణంలో కన్ను అక్కడుంటే చూపు పోతుంది. ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోప్ ముందు భాగాన్ని పూర్తిగా కప్పాలి. అలా ముందు కప్పే సోలార్ ఫిల్టర్ ఫిల్మ్ కొనేటప్పుడు రకం చూసుకోండి. కంటితో చూడటానికి 5.0 డెన్సిటీ కావాలి, అది లక్షో వంతు కాంతిని మాత్రమే వదులుతుంది. 3.8 రకం కెమెరాకే, దాంతో కంటితో చూడకూడదు. ఫైండర్ స్కోప్‌ను (గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న టెలిస్కోప్‌ను) తీసేయండి, లేదా మూత టేపు వేసి అంటించండి. పిల్లలు ముందు అందులోంచే తొంగిచూస్తారు.

ప్రశ్న: విశాఖ తేమలో సూర్యుణ్ని సీరియస్‌గా తీయడం కుదిరే పనేనా? కొడైకెనాల్ లాంటి కొండ ఎక్కాల్సిందేనా? (సీతమ్మధార నుంచి ఒక టీచరు)

జవాబు: నిక్షేపంగా కుదురుతుంది. తేమ కెమెరాకు శత్రువే గానీ బొమ్మకు అంత శత్రువు కాదు. బొమ్మను చెడగొట్టేది నేల నుంచి లేచే వేడి గాలి. అందుకే ఉదయపూర్ సౌర వేధశాలను ఫతే సాగర్ చెరువు మధ్య దీవిలో కట్టారు. నీళ్లు నేలంత త్వరగా వేడెక్కవు. మనకు తూర్పున సముద్రమే ఉంది. మేడ స్లాబు కాలకముందే, సూర్యుడు కాస్త పైకి ఎక్కిన తర్వాత, ఎనిమిది నుంచి పది మధ్య తీయండి. గడ్డి ఉన్న చోటు దొరికితే కాంక్రీటు మేడ కంటే ఎంతో మేలు. ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, కాబట్టి ఇంటికి రాగానే కెమెరాను సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి.

పిల్లలకు ఇది కూడా చెప్పండి. 1840లో గోడే వెంకట జగ్గారావు మన ఊళ్లోనే సొంత వేధశాల పెట్టుకున్నారు. తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని పరిశీలించారు. అదే ఊళ్లో, అదే సూర్యుడి కింద ఇప్పుడు మీ పిల్లలు నిలబడుతున్నారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వండి.

ప్రశ్న: షార్ప్‌క్యాప్ అనే కెమెరా సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి వీడియో రికార్డు చేస్తుంటే సగం ఫ్రేములు డ్రాప్ అవుతున్నాయి. లాప్‌టాప్ మార్చాలా? (భీమిలి నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: తొందరపడకండి. 1936 × 1216 పిక్సెళ్ల ఫ్రేము 8 బిట్లలో దాదాపు 2.35 ఎంబీ. సెకనుకు 100 ఫ్రేములంటే 235 ఎంబీ. తిరిగే హార్డ్‌డిస్క్ దీన్ని మోయలేదు, ఎస్ఎస్‌డీ సునాయాసంగా మోస్తుంది. కేబుల్ నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులోనే ఉందా చూడండి, పొడవు 3 మీటర్లు దాటకూడదు. సూర్యుడి మీది మచ్చ ఒక్కటే కావాలంటే దాని చుట్టూ చిన్న చదరం మాత్రం ఎంచుకుని రికార్డు చేయండి, భారం నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్కో వీడియో 20 సెకన్లు చాలు. అందులోంచి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో మంచి పది శాతం ఫ్రేములు ఏరి ఒకదానిపై ఒకటి పేర్చుకుంటే మచ్చ చుట్టూ పోగుల్లాంటి గీతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.