సంగీత సందేహాలు: ఆస్థానం లేని ఊరిలో పుట్టిన ఆర్కెస్ట్రా

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదువుకుంటున్నాడు. అక్కడి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాను ఏ రాజూ పెట్టలేదని, ఊరివారే మొదలుపెట్టారని చెప్పాడు. పిఠాపురం సంస్థానం వీణ విద్వాంసుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి గారిని ఆదరించిన సంగతులు వింటూ పెరిగిన మాకు ఇది వింతగా తోచింది. అంత పెద్ద బృందాన్ని ఊరు ఎలా పోషించింది?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమేనమ్మా. యూరప్‌లోని పాత వాద్యబృందాలలో చాలా వాటికి రాజాస్థానాలే పుట్టిళ్లు. లైప్‌జిగ్‌కు దగ్గరలోని డ్రెస్డెన్ బృందాన్ని 1548లో సాక్సనీ పాలకుడు మోరిట్జ్ నెలకొల్పాడు. లైప్‌జిగ్‌లో మాత్రం ఆస్థానం లేదు. దూరదేశాల వర్తకులు వచ్చే పెద్ద సంతలు, విశ్వవిద్యాలయం, పుస్తక ప్రచురణ, ఇవే ఆ ఊరి సంపద. సెయింట్ థామస్ చర్చిలో ప్రసిద్ధ స్వరకర్త బాహ్ ఇంకా సంగీతాధికారిగా ఉన్న రోజులలోనే, 1743లో, అక్కడి కులీనులు, వర్తకులు కలిపి 16 మంది పూనుకుని 16 మంది వాద్యకారులతో కచేరీలు ప్రారంభించారు. తొలి కచేరీలు ఇళ్లలోను, తరువాతివి ‘మూడు హంసలు’ అనే సత్రంలోను జరిగాయి. 1781లో బట్టల వర్తకుల భవనం పైభాగంలో దాదాపు 500 మంది కూర్చోగల మందిరం సిద్ధమైంది. గెవాండ్‌హౌస్ అనే పేరు ఆ భవనానిదే. మీ ఊరి చెంతనున్న మాధవాయపాలెం నుంచి నేత బట్టలు ఓడలెక్కి యూరప్‌కు వెళ్లిన శతాబ్దం కూడా అదే.

ఇక పోషణ మాట. శ్రోతలు కచేరీల కాలానికంతటికీ ముందుగానే చందా కట్టేవారు. కాకినాడ వంటి మన పట్టణాలలో సభ్యుల చందాలతో గానసభలు నడిచిన తీరు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. అయితే లైప్‌జిగ్ మరొక అడుగు వేసింది. అదే వాద్యకారులు నాటకశాలలో ఒపెరాలకు, చర్చిలో ఆరాధనకు కూడా వాయించేవారు కనుక (ఒపెరా అంటే పాటలతో సాగే నాటకం), 1840లో వారిని నగర వాద్యబృందంగా అధికారికంగా గుర్తించారు. నన్నడిగితే ఆ బృందం చరిత్రలో అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఎందుకంటే దాత ఎంత ఉదారుడైనా అతని తరువాత ఆ ఆదరణ కొనసాగుతుందన్న హామీ ఉండదు. నగరపాలన బాధ్యతగా స్వీకరించిన ఖర్చు మాత్రం పాలకులు మారినా లెక్కలలో నిలిచి ఉంటుంది.

ప్రశ్న: నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఈ బృందం గురించి చదివినప్పుడల్లా మెండెల్సన్ పేరు కనిపిస్తుంది. ఆయన చేసిన కొత్త పని ఏమిటి?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ 1835లో, 26 ఏళ్ల వయసులో, ఈ బృందానికి సంచాలకుడయ్యాడు. అంతకుముందు సింఫనీలను, అంటే పూర్తి వాద్యబృందం కోసం రాసిన పెద్ద కృతులను, సాధారణంగా మొదటి వయొలిన్ వాద్యకారుడే తన చోటి నుంచి నడిపించేవాడు. మెండెల్సన్ కర్ర పట్టుకుని బృందం ఎదుట నిలబడి, ప్రతి వాద్యం ప్రవేశాన్నీ తానే సూచించాడు. వాద్యకారుల జీతాలు పెంచడానికి పోరాడాడు, 1843లో సంగీత కళాశాల నెలకొల్పాడు. అప్పటికి మరుగున పడిన పాత స్వరకర్తల కృతులను వరుసగా వినిపించే కచేరీలు కూడా ఏర్పాటు చేశాడు. స్వరకర్త షూబర్ట్ మరణించి పదేళ్లు దాటాక, వియన్నాలో అతని అన్న దగ్గర మరో స్వరకర్త షూమన్ కంటబడిన అతని పెద్ద సింఫనీ 1839లో తొలిసారి లోకానికి వినిపించింది మెండెల్సన్ చేతి మీదుగానే.

వయొలిన్ విద్యార్థినివి కనుక నీకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. వయొలిన్ ప్రధానంగా, వాద్యబృందం తోడుగా సాగే తన ఈ-మైనర్ వయొలిన్ కన్సర్టోను మెండెల్సన్ ఈ బృందపు ప్రధాన వయొలిన్ వాద్యకారుడు ఫెర్డినాండ్ డేవిడ్ కోసం రాశాడు. వేళ్లకు ఏది నప్పుతుందో, ఏది నప్పదో ఏళ్ల తరబడి అతనితో చర్చించి, 1845లో ఈ వేదిక మీదనే వినిపింపజేశాడు. స్వరకర్త బ్రామ్స్ వయొలిన్ కన్సర్టోను కూడా 1879 జనవరి 1న వయొలిన్ విద్వాంసుడు యోవాకిమ్ తొలిసారి వాయించినది ఇక్కడే. ఈ రెండింటినీ వెంటవెంటనే విను. మన గమకాలకు అలవాటుపడిన చెవికి మొదట కొంత బెరుకు కలిగినా, విల్లు నడక మీద శ్రద్ధ పెడితే దారి దొరుకుతుంది.

ప్రశ్న: హిట్లర్ కాలంలో ఈ బృందం ఏమైంది?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మాయని మచ్చ పడింది. అప్పటి సంచాలకుడు బ్రూనో వాల్టర్ యూదుడైనందున 1933లో అతణ్ణి వేదిక ఎక్కనివ్వలేదు. 1936లో, నగరాధ్యక్షుడు గోర్డెలర్ ఊరిలో లేని సమయం చూసి, కచేరీ భవనం ముందున్న మెండెల్సన్ విగ్రహాన్ని కూల్చారు. యూదు కుటుంబంలో పుట్టడమే మెండెల్సన్ చేసిన నేరం. గోర్డెలర్ ఆ కారణంగా పదవి వదిలాడు. తరువాత హిట్లర్‌పై జరిగిన కుట్రలో పాల్గొన్నందుకు 1945లో ఉరికంబం ఎక్కాడు. బృందాన్ని ఇంత ఎత్తుకు చేర్చినవాడినే ఊరి అధికారులు అలా అవమానించారన్నది చదివినప్పుడల్లా మనసు కలచివేస్తుంది. 1884లో కట్టిన రెండవ మందిరం యుద్ధంలో బాంబులకు ధ్వంసమైంది, 1981లో గాని కొత్త మందిరం రాలేదు.

అదే బృందం గౌరవం పెరిగిన రోజు కూడా ఉంది. 1989 అక్టోబర్ 9న తూర్పు జర్మనీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా దాదాపు 70,000 మంది లైప్‌జిగ్ వీధులలోకి వచ్చారు. కాల్పులు తప్పవని అందరూ భయపడుతుండగా, సంచాలకుడు కుర్ట్ మాజుర్ మరో ఐదుగురితో కలిసి శాంతి కోసం చేసిన విజ్ఞప్తిని నగరపు లౌడ్‌స్పీకర్లలో వినిపించారు. ఆ రాత్రి తుపాకి పేలలేదు. కొన్ని వారాలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది.